ఒట్టు వేసిన డాక్టరమ్మ

మందుల కంపెనీలో చేరాలనుకునే డాక్టర్లకు ఎవరో ఒకరు నా నంబరు ఇస్తుంటారు. రిటైరైనవాణ్ణి కదా, తీరిగ్గా మాట్లాడతానని. సిడ్నీ శివారు టూంగాబీలో మా పెరటి వరండాలో కూర్చుని వాళ్ల ప్రశ్నలు వింటుంటాను. నైట్ డ్యూటీలు ఉండవు కదా అంకుల్? కుదరకపోతే మళ్లీ ఆసుపత్రికి వెళ్లిపోవచ్చా? వీకెండ్ మనదేనా? అన్నిటికీ ఉన్నదున్నట్టు చెబుతాను. మూడో ప్రశ్న దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను. నాకు ఒక శనివారం గుర్తొస్తుంది.

ఉద్యోగం చివరి ఏళ్లలో నేను చూసిన పని ఇది. ఏటా ఇద్దరు ముగ్గురు డాక్టర్లను ఆసుపత్రుల నుంచి తీసుకుని, ఏడాదిపాటు కంపెనీ పని నేర్పించే ఫెలోషిప్. వాళ్లకు వైద్యం నేర్పనక్కర్లేదు, వైద్యం చెయ్యకుండా ఉండడం నేర్పాలి. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ కష్టమైన చదువే. ఫోన్లో ఎవరో రోగి, ‘ఈ మాత్ర ఆపెయ్యనా?’ అని అడుగుతాడు. జవాబు నాలుక చివర ఉంటుంది. అయినా, ‘మీ డాక్టరును అడగండి’ అని ఊరుకోవాలి. మొదటి నెలలో ఫెలోల ముఖాలు చూస్తే నాకు జాలేసేది. ఈత వచ్చినవాళ్లను తెచ్చి గట్టున కూర్చోబెట్టినట్టుండేది.

అన్నిటికంటే ముందు నేర్పే నియమం ఇంకొకటి ఉంది. మా మందు వాడి ఎవరికైనా తేడా చేసిందని మన చెవిన పడితే, తర్వాతి పనిదినం ముగిసేలోగా ఔషధ భద్రత విభాగానికి చెప్పాలి. ఆఫీసులో వింటేనే కాదు, రైల్లో విన్నా, పెళ్లిపందిట్లో విన్నా, గుళ్లో ప్రసాదం వరసలో విన్నా చెప్పాలి. కారణం మంచిదే. ఒక్క మనిషిలో చిన్నదిగా కనబడే సంగతి అసలు ఆకారం, వందమందివి ఒకచోట చేరినప్పుడే తెలుస్తుంది. ‘ఇదేముందిలే’ అని ఒకరు ఊరుకుంటే ఆ మేరకు ఆ బొమ్మలో ఒక భాగం చెరిగిపోయినట్టే.

ఆ విభాగం పెద్ద ఇక్కడే పుట్టి పెరిగిన ఆస్ట్రేలియన్. ఫార్మసిస్టు. పొద్దస్తమానం బల్ల దగ్గరే టోస్టు కొరుకుతూ పనిచేసే మనిషి. మాట పొదుపు. కొత్త ఫెలోల తరగతిని ఏటా ఒకే వాక్యంతో మొదలుపెట్టేది: “ఈ రోజు నుంచి మీకు సెలవులుంటాయి, మీ చెవులకు ఉండవు.”

నేను చెప్పబోయే ఫెలో కర్నూలు అమ్మాయి. అక్కడ మెడిసిన్ చదివి, పెళ్లయి సిడ్నీ వచ్చి, ఇక్కడి పరీక్షలు రాసి, ఆసుపత్రిలో ఏడేళ్లు చేసింది. ఇద్దరు చిన్నపిల్లలు. ఎడ్మండ్‌సన్ పార్కు అనే పేటలో కాపురం. రాత్రి డ్యూటీలు, పసిపిల్లలు రెండూ కుదరక మా దగ్గరికొచ్చింది. ఆమె ఖాళీ చేసిన చోటును ఆసుపత్రివాళ్లు వెంటనే ఇంకొకరికి ఇచ్చేశారు. అంటే మా ఫెలోషిప్ మధ్యలో పోతే వెనక్కి వెళ్లడానికి ఆమెకు ఇల్లు తప్ప మరో చోటు లేదు.

మా ఆఫీసులో చిన్నా పెద్దా లేకుండా అందరూ పేర్లతోనే పిలుచుకుంటారు. నన్ను పేరు పెట్టి పిలవడానికి ఆ అమ్మాయికి నోరు రాలేదు. కొన్ని వారాలపాటు ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చింది. నేను తలెత్తేదాకా గుమ్మంలో నిలబడేది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మీటింగుల్లో పేరు, లిఫ్టులో సార్.

ఫెలోషిప్ సగానికి వస్తుండగా, ఒక శనివారం మా ఇంటి దగ్గరి పార్కులో తెలుగువాళ్లం బార్బెక్యూ పెట్టుకున్నాం. మా ఆవిడ పిలిస్తే ఆ అమ్మాయి కూడా భర్తతో, పిల్లలతో వచ్చింది. కాల్చేవి ఎన్ని ఉన్నా మా కూటముల్లో అసలు ఆకర్షణ చేపల పులుసు. అది చేసేది నెల్లూరు నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ. చుట్టుపక్కల ఏ ఇంట్లో గృహప్రవేశమైనా, పుట్టినరోజైనా గిన్నె ఆవిడదే. పిలిస్తే మురిసిపోతుంది, పిలవకపోతే నెల రోజులు అలుగుతుంది. ఊరందరికీ ఆంటీ. నాకంటే చిన్నదే అయినా, వినీ వినీ నాకూ ఆంటీయే అయిపోయింది. ఆవిడ మాత్రం నన్ను ‘అన్నా’ అనేది.

ఆ రోజు పులుసులో ఉప్పు లేదు, పులుపు మితిమీరింది.

“ఎట్టుందన్నా?” అంది ఆంటీ.

“మీ చేతి వంటకు ఇంకేం కావాలి,” అన్నాను. నా పక్కవాళ్లూ అలాంటి మాటలే అన్నారు. మా ఫెలో ఒక్కతే ఏమీ అనలేదు. ఒక ముద్ద తిని, తలెత్తి ఆంటీ ముఖం కేసి చూసింది.

ఆ రాత్రి నా డైరీలో ‘ఎండ, సాయంత్రం గాలి, పార్కులో భోజనం’ అని ఉంది. కాలేజీ రోజుల నుంచి ఒక్క రోజు మానకుండా రాస్తున్నాను. ఏదైనా ముఖ్యమైనది జరిగిన రోజున నేను వాతావరణం రాసి పడుకుని ఉంటాను.

బుధవారం పొద్దున ఆ అమ్మాయి నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. అది లిఫ్టు కాకపోయినా సార్ అంది.

“సార్, ఆంటీకి రుచి తెలీడం లేదు.”

“ఏ ఆంటీకి?”

“పులుసు ఆంటీకి. నాలుగు నెలలాయె అంట సార్. ఏం తిన్నా ఇనుము నాకినట్లు ఉంటాదంట. బీపీ మాత్ర మార్చినప్పటి నుంచి.”

మాత్ర పేరు చెప్పింది. మాదే.

శనివారం పార్కులో జరిగింది ఆ అమ్మాయి చెబితే తెలిసింది. అందరూ క్రికెట్ మొదలుపెట్టాక ఆంటీ ఈమెను కారు చాటుకు పిలిచింది. “ఏం పాపా, పులుసు నోట్లో పెట్టుకుని మొహం అట్టా పెట్టావు?” అంది. “ఉప్పు చూసుకోలేదా ఆంటీ?” అని ఈమె మెల్లగా అడిగింది. ఆంటీ అక్కడే ఏడ్చేసింది. చెయ్యి గుర్తుమీద ఉప్పు వేస్తోందట. ఎవరైనా వంటకు పిలిస్తే రెండు రోజుల ముందు నుంచి మాత్ర మానేస్తోందట, ఆ పూటకైనా నాలుకకు రుచి తిరిగొస్తుందేమోనని. తన డాక్టరుకు చెప్పలేదు. ఆయనా తెలుగువాడే. ‘ఆయన పెళ్లాం మన గ్రూపులోనే ఉండాది పాపా. పొద్దున చెప్తే సాయంత్రానికి వాట్సాప్‌లో ఉంటది. ఇంక నన్ను వంటకెవురు పిలుస్తారు?’ అన్నదట.

“నేను చెప్పల్సింది చెప్పినా సార్. మాత్ర మానొద్దు, ఈ డాక్టరు కాకుంటే ఇంకో డాక్టరు దగ్గరికి పోండి అని. సరే అనింది. అని, నా చెయ్యి పట్టుకోని ఆమె నెత్తిన పెట్టుకునింది. ఎవురికీ చెప్పబాక, నా మీద ఒట్టు అని.”

“వేశావా?”

“వేసినా సార్.”

“మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?”

“నిన్న వంటింట్లో కండ్లు తిరిగి పడింది. బీపీ బాగా ఎక్కిపోయింది. ఆంబులెన్సులో తీస్కపోయి సాయంత్రానికి ఇంటికి పంపినారు. దెబ్బలేం తగల్లేదు. ఆమె కూతురు ఫోన్ చేసి, మా అమ్మ నీతో ఏమన్నా చెప్పిందా అని అడిగింది సార్. నేను నోరు తెరవలేకపోయినా.”

అడగక తప్పని మాట అడిగాను. “సోమవారం సాయంత్రంలోగా మన భద్రతా విభాగానికి చెప్పాలని...”

“తెలుసు సార్. మర్చిపోలేదు. తెలిసే దాచినా.”

“పేరు అక్కర్లేదు కదమ్మా. ఆడో మగో, వయసెంతో చెబితే చాలు. ఎవరో తెలియనక్కర్లేదు.”

“పేరు రాయకపోయినా చెప్పినట్లే కదా సార్. ఒట్టుకు అట్లాంటి సందులు ఉండవు.”

రోగి చెప్పింది కడుపులో పెట్టుకోవడం డాక్టరు మొదటి ధర్మం. నేనూ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు అలాగే బతికాను. ఆ అమ్మాయి ఏడేళ్లు ఆ ధర్మాన్ని నిలబెట్టి మంచి డాక్టరని పేరు తెచ్చుకుంది. మా గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి అదే తప్పయి కూర్చుంది. పుస్తకాల్లో ఈ మెలిక గురించి రెండు పేరాలు ఉంటాయి. వాటిలో నెత్తిమీద చెయ్యి పెట్టించుకునే ఆంటీలు ఉండరు.

ఇద్దరం భద్రతా విభాగానికి వెళ్లాం. ఆవిడ టోస్టు పక్కనపెట్టి, ఒక్కొక్కటే అడిగి కంప్యూటర్లో ఎక్కించింది. ఏ మందు, ఏం జరిగింది, ఎప్పటి నుంచి. చివరికి, “నీకు ఎప్పుడు తెలిసింది?” అంది.

“శనివారం.”

ఆవిడ వేళ్లు ఆగాయి. కుర్చీ మా వైపు తిప్పింది.

“శనివారం నువ్వు విన్నది ఒక పెద్దావిడ కష్టసుఖం. దానికి మన మందుతో సంబంధం ఉందని నీకు తట్టింది నిన్న, ఆవిడ పడిపోయాక. అలా కూడా అయ్యుండొచ్చు. తొందరేం లేదు, ఆలోచించుకుని ఈ మధ్యాహ్నం చెప్పు.”

అన్నేళ్లలో ఆవిడ ఎవరికైనా దారి ఇవ్వడం నేను చూడలేదు. మర్చిపోయి ఆలస్యం చేస్తే చీవాట్లతో పోతుంది. తెలిసి దాచిపెడితే ఫెలోషిప్పే పోవచ్చు. అది ముగ్గురికీ తెలుసు. ఆ దారి పట్టుకుంటే బావుండునని నేను కిటికీ బయటికి చూస్తూ లోలోపల కోరుకున్నాను.

“నాకు శనివారమే తెలుసు. శనివారమనే రాయండి,” అంది ఆ అమ్మాయి.

“సరే, మేట్,” అని ఆవిడ కుర్చీ తిప్పుకుని రాసేసింది.

తర్వాతి వారమే ఫెలోల మధ్యంతర సమీక్ష. అందులో ఈ సంగతి కూడా పెట్టాల్సి వచ్చింది. ఉంచాలా, పంపాలా అన్నది అక్కడే తేలుతుంది. కూర్చునేది ముగ్గురం. నేను, భద్రతా విభాగం పెద్ద, మా అందరి పైన ఉండే వైద్యాధికారి. ఆయన మారుమూల పల్లెలో చాలాకాలం జనరల్ ప్రాక్టీసు చేసి వచ్చినవాడు. పెద్ద మనిషి, పెద్ద చేతులు. నా దగ్గర నేర్చుకుంటున్న ఫెలో కాబట్టి నేను మాట్లాడొచ్చు గానీ తీర్పులో నాకు పాలు లేదు.

ఆ అమ్మాయి నీళ్ల సీసా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

“ఎందుకు చెప్పలేదు?” అన్నాడాయన.

“ఆమె నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది.”

ఆయన నా వైపు చూశాడు. ఒట్టును ఇంగ్లీషులో చెప్పడం నాకు అంతకు ముందెప్పుడూ అవసరం పడలేదు. మాటల కోసం తడుముకున్నాను.

“కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టినట్టా?” అన్నాడు.

“దాదాపు అంతే,” అన్నాను.

“అంత కాదు,” అంది ఆ అమ్మాయి. “బైబిలు మీద ప్రమాణం చేసి తప్పితే పాపం చేసినవాడిది. దీంట్లో అలా కాదు. నేను మాట తప్పితే కీడు జరిగేది నాకు కాదు, ఆమెకు. అందుకే చెయ్యి తన తల మీద పెట్టించుకుంటారు.”

పెద్దాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“నువ్వు నమ్ముతావా దీన్ని?”

“నమ్మను. మా ముస్లింలలో దేవుడి మీద తప్ప ఒట్టు వేయకూడదు. మా నాన్న వింటే కోప్పడతారు. కానీ ఆమె నమ్ముతుంది. నేను చెప్పానని తెలిసిన రోజు ఆమెకు జ్వరమొచ్చినా, కాలు బెణికినా, ఆ పిల్ల మాట తప్పింది కాబట్టే అనుకుంటుంది. ఆ భయం ఆమెకు పెట్టలేకపోయాను.” కొంచెం ఆగి అంది: “తీరా చూస్తే, ఒట్టు నిలబెట్టుకున్నాను. ఆమె అప్పుడే పడిపోయింది.”

పెద్దాయన తన చేతుల కేసి చూసుకున్నాడు. “రేపు ఇంకొక ముసలావిడ ఇలాగే నీ చెయ్యి పట్టుకుంటుంది. ఏం చేస్తావు?”

ఆ అమ్మాయి నీళ్ల సీసా బల్ల మీద పెట్టింది. “చెయ్యి వెనక్కి తీసుకుంటాను. నేను ఎక్కడ పనిచేస్తున్నానో, విన్నది ఎవరికి చెప్పాల్సి వస్తుందో ముందు చెబుతాను. అది విన్నాక కూడా చెప్పాలనిపిస్తే వింటాను.”

“అప్పుడు చాలామంది చెప్పరు,” అన్నాడాయన. అది అధికారి మాట కాదు, పల్లెటూరి డాక్టరు మాట.

“అవును,” అంది. “చెప్పరు.”

ఆమె గొంతు అప్పుడు ఒక్కసారే తగ్గింది. ఆసుపత్రి వదిలి వచ్చిన రోజున కాదు, ఆ మాట అన్న క్షణంలోనే ఆమె మా ఉద్యోగంలో చేరిందనుకుంటాను.

ఆమెను బయట కూర్చోమని పంపాక, పెద్దాయన భద్రతా విభాగం ఆవిడను అభిప్రాయం అడిగాడు.

“తేదీ మార్చుకోమని నేనే దారి చూపించాను. తీసుకోలేదు,” అంది ఆవిడ. “మీరు ఎవరికైనా నోటీసు రాయాలనుకుంటే ముందు నాకు రాయండి. అదయ్యాక ఆ పిల్లను నా విభాగానికి ఇవ్వండి.”

పెద్దాయన ఇద్దరికీ చెరొక హెచ్చరిక రాశాడు. ఆ అమ్మాయి నియమాల తరగతి మళ్లీ మొదటి నుంచి విని, ఫెలోషిప్‌లో కొనసాగవచ్చని తేల్చాడు. నేను వెళ్లి చెబితే, “థాంక్స్ సార్” అని, వెంటనే, “ఆదివారం నాతో వస్తారా? ఆంటీకి చెప్పల్ల కదా,” అంది.

వెళ్లాం. ఆంటీ సోఫాలో దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ అమ్మాయి ఆవిడ ఎదురుగా కార్పెట్ మీద కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పింది. ఆంటీ విన్నంతసేపూ విని, నా వైపు తిరిగింది.

“ఏందన్నా, నా నాలిక సంగతి కంపెనీకెక్కిందా?”

“మీ పేరు లేదాంటీ. అరవై ఏడేళ్ల స్త్రీ అని మాత్రం ఉంది,” అంది ఆ అమ్మాయి.

“నాకు అరవై ఆరే. అది కూడా సరిగ్గా రాయలేదా?”

నాకు నవ్వొచ్చింది గానీ ఆవిడ నవ్వడం లేదు.

“కూతురికి చెప్పుకోలేనిది నీకు చెప్పుకున్నా పాపా. డాక్టరువని కాదు. పులుసు బాలేదని నీ ఒక్కదాని మొహమే నాకు నిజం చెప్పిందని.” కళ్లు తుడుచుకుంది. “పోండి ఇంక. కాఫీ పెట్టే ఓపిక లేదు.”

ఇంటి ముందు కారు దిగుతూ ఆ అమ్మాయి, “కీడు జరుగుతాదని భయపడలేదు సార్ ఆమె. గమనించినారా? నా మీద అలిగింది. అంతే,” అంది. అలక భయం కంటే నయమని తనకు తను చెప్పుకుంటోందని అర్థమైంది.

ఆ తర్వాతి వారం కూతురు ఆంటీని వేరే పేటలో, తెలుగువాడు కాని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మాత్ర మార్చారు. రుచి మెల్లగా తిరిగొచ్చింది. ఈ సంగతులన్నీ మా ఆవిడ ద్వారా తెలిసేవే. ఆంటీ ఆ అమ్మాయితో మాట్లాడడం మానేసింది.

అన్న మాట ప్రకారం ఆ అమ్మాయి ప్రతి కూటమిలోనూ, ఎవరైనా మోకాలు పట్టుకుని పక్కన చేరగానే, “ఆంటీ, నేనిప్పుడు మందుల కంపెనీలో చేస్తున్నా. మా మందు సంగతైతే ఆఫీసులో చెప్పాల్సొస్తుంది,” అనేది. “అట్లాగా,” అని వాళ్లు మోకాలు వదిలేసి పిల్లల యూనివర్సిటీ చదువుల మీదికి మాట మళ్లించేవాళ్లు. కొన్ని నెలలకు పక్కన చేరడమే మానేశారు. “ఇప్పుడు పార్టీల్లో బిర్యానీ వేడిగా తింటున్నా సార్,” అని లిఫ్టులో నాతో నవ్వుతూ అనేది. లిఫ్టు దిగాక ఆ నవ్వు ఉండేది కాదు. పల్లెటూరి డాక్టరు చెప్పిన ధర అది. ఇలాంటిదేదో మీరూ ఇవ్వాల్సి వస్తుందని, నాకు ఫోన్ చేసే డాక్టర్లకు చెబుతాను.

ఫెలోషిప్ ముగిసి ఆమె భద్రతా విభాగంలోనే ఉద్యోగంలో కుదిరాక, రంజాన్ పండగకు మమ్మల్ని భోజనానికి పిలిచింది. మేం వెళ్లేసరికి హాలు నిండా జనం. కాసేపటికి కూతురి చెయ్యి పట్టుకుని ఆంటీ వచ్చింది. పిలిచారని నాకు తెలుసు గానీ, వస్తుందని మా ఆవిడ కూడా అనుకోలేదు. ఆంటీ ఎవరితోనూ మాట్లాడకుండా భోజనం చేసింది, రెండుసార్లు సేమ్యా వడ్డించుకుంది. తర్వాత ఆ అమ్మాయి ఒంటరిగా గిన్నెలు సర్దుతున్న చోటికి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను ప్లేటు పెట్టడానికి అటు వెళ్లాను కాబట్టి విన్నాను.

“ఇట్రా పాపా. కొత్త మాత్రతో కాళ్లకు నీరు పడతా ఉంది.”

ఆ అమ్మాయి చేతిలో గిన్నె ఆగింది. “ఆంటీ, ముందుగా నేనొక మాట...”

“తెలుసులే. నువ్వెక్కడ పని చేస్తావో, ఎవురికి చెప్తావో, అన్నీ తెలిసే చెప్తన్నా. రాసుకో. ఈసారన్నా వయసు సరిగ్గా రాయి.”

ఆ అమ్మాయి మాత్ర పేరు అడిగింది. ఆంటీ చెప్పింది.

“ఇది మా కంపెనీది కాదాంటీ,” అంది ఆ అమ్మాయి. “నేను రాసేదేం లేదు. మీ డాక్టరుకు చెప్పండి, రేపే చెప్పండి.”

“రేపు పోతాలే. కూతురు టైం గూడా తీసుకునింది.” ఆంటీ పక్క కుర్చీ చేత్తో తట్టింది. “ఇప్పుడు ఊరికే కూర్చోని విను.”

ఆ అమ్మాయి గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కూర్చుంది.